స్వరం నిలిచింది... నేల నడిచింది

బోసా నోవాకు పాటలిచ్చిన బ్రెజిల్ స్వరకర్త టామ్ జొబీమ్. 2027 జనవరి 25తో ఆయన పుట్టి నూరేళ్లు.

ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. కేసియో అయినా యమహా అయినా, రిథమ్ బటన్ల వరసలో వాల్ట్జ్, రుంబా, డిస్కోల పక్కనే 'బోసా నోవా' అని ఒకటి కనిపిస్తుంది. నొక్కితే తొందర లేని, మెత్తని తాళం మొదలవుతుంది. అయితే ఆ బటన్‌లో ఉన్నది తాళం ఒక్కటే. దాని మీద నిలిచిన సంగీతం వేరు. ఆ సంగీతంలో సింహభాగం రాసినవాడు రియో డి జనీరోకు చెందిన పియానిస్టు ఆంటోనియో కార్లోస్ జొబీమ్. బ్రెజిల్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆయన టామ్.

ఆయన బాణీలు ఎంత తేలిగ్గా ఉంటాయంటే, పోర్చుగీసు ఒక్క ముక్క రానివాళ్లు కూడా రెండోసారి వినేసరికి కూనిరాగం తీసేస్తారు. ఆ తేలిక వల్లే ఆయనకు తీరని అన్యాయం కూడా జరిగింది. అరవై ఏళ్లుగా ప్రపంచంలోని హోటల్ లాబీలూ, లిఫ్టులూ, విమానాశ్రయాలూ ఆయన పాటల్ని ఎవరూ చెవి పెట్టి వినక్కర్లేని నేపథ్య సంగీతంగా వాడుకుంటున్నాయి. అసలు సంగతి బాణీలో లేదు, బాణీ కింద ఉంది. అది వినకపోతే జొబీమ్‌ను విననట్టే.

తగ్గే నేల, ఎదిగే స్వరం

మన సంగీతానికి శ్రుతి ప్రాణం. తంబూరా ఒక షడ్జమాన్ని పట్టుకుందంటే కచేరీ ముగిసేదాకా అది కదలదు. స్వరాలే దాని మీద ఎక్కుతాయి, దిగుతాయి, గమకాలు పోతాయి. జొబీమ్ పాటల్లో చాలాచోట్ల ఇది తలకిందులవుతుంది. స్వరం ఒకచోట నిలబడుతుంది, దాని కింది ఆధారం జరుగుతూ పోతుంది. ఆధారం జరిగిన ప్రతిసారీ నిలబడ్డ స్వరానికి పేరు మారిపోతుంది.

కర్ణాటక సంగీతం నేర్చినవారికి గ్రహభేదం తెలుసు. మోహన స్వరాల్ని అలాగే ఉంచి రిషభాన్ని షడ్జమం అనుకుంటే మధ్యమావతి పలుకుతుంది, గాంధారాన్ని అనుకుంటే హిందోళం. మన విద్వాంసులు కచేరీలో ఎప్పుడో ఒకసారి ఆ మెరుపు చూపించి, సభ చప్పట్లు కొట్టేలోగా అసలు రాగంలోకి వచ్చేస్తారు. జొబీమ్ చేసింది అచ్చంగా గ్రహభేదం కాదు. కానీ ఆయన్ని వినడానికి తెలుగు చెవికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

'సాంబా ది ఉమా నోతా సో' అన్న పాటనే తీసుకుందాం. ఒకే స్వరంతో అల్లిన సాంబా. చిన్ననాటి స్నేహితుడు న్యూటన్ మెండోన్సాతో కలిసి రాశాడు. 1960లో గాయకుడు, గిటారిస్టు జువావ్ జిల్బెర్తో దాన్ని రికార్డు చేశాడు. పాట మొదటి భాగంలో గాయకుడు ఒక స్వరాన్ని పట్టుకుని, దాన్నే తాళానికి అటూ ఇటూ విరుస్తూ పలుకుతాడు. బి ఫ్లాట్ మేజర్‌లో వాయిస్తే ఆ స్వరం ఎఫ్. కింద బేస్ డి దగ్గర మొదలై డి ఫ్లాట్, సి, బి అంటూ అర్ధస్వరం చొప్పున దిగుతుంది. ఇప్పుడు మన లెక్కలో చూడండి. బేస్ డి మీద ఉన్నప్పుడు పైన పాడే ఎఫ్ సాధారణ గాంధారం. బేస్ డి ఫ్లాట్‌కు దిగగానే అదే ఎఫ్ అంతర గాంధారమైంది. సి దగ్గర శుద్ధ మధ్యమం. బి దగ్గరికొచ్చేసరికి ప్రతిమధ్యమం. గొంతు ఉన్న మెట్టు మీంచి కదల్లేదు, వినేవాడికి మాత్రం అది మూడు మెట్లు ఎక్కినట్టు తోస్తుంది. ఇంట్లో కీబోర్డు ఉంటే కుడిచేత్తో ఎఫ్ ఒక్కటే కొడుతూ ఎడమచేత్తో ఆ నాలుగు స్వరాలూ దిగి చూడండి. కార్డులు కూడా అక్కర్లేదు, ఆ రెండు వేళ్లతోనే పాట లేచి కూర్చుంటుంది.

'దెసఫినాదు' అనే పాట కూడా ఈ ఇద్దరిదే. 'అపశ్రుతి' అని దాని పేరు. నువ్వు శ్రుతి తప్పుతున్నావని ప్రియురాలు అంటే, శ్రుతి తప్పేవాడికీ మనసుంటుందని గాయకుడు వాదిస్తాడు. పల్లవి మొదట్లోనే బాణీ అనుకున్నచోట వాలకుండా పక్క స్వరం మీద వాలుతుంది. బాణీ ఒక్కటే విన్నవాడు గాయకుడు తప్పాడనే అనుకుంటాడు. కింద కార్డు విన్నవాడికి ఆ స్వరం ఉండాల్సింది అక్కడేనని తెలుస్తుంది. పాటలో చెప్పే మాటా, పాట చేసే పనీ ఒకటే. ఇంత కష్టమైన గమనాన్ని ఇంత మెత్తగా పాడించిన స్వరకర్తలు ఇరవయ్యో శతాబ్దంలో వేళ్ల మీద లెక్కించగలిగేంతమందే ఉంటారు. మెండోన్సా 1960 నవంబరులో గుండెపోటుతో పోయాడు. అప్పటికి 33 ఏళ్లు. బోసా నోవా ప్రపంచమంతా తిరగడం ఆయన చూడలేదు, ఆయన పేరు కూడా దానితో పాటు తిరగలేదు.

అద్దె కోసం పియానో

జొబీమ్ 1927లో రియోలోని తిజూకా పేటలో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం సముద్రం ఒడ్డున ఉన్న ఇపనేమాకు మారింది. అప్పటి ఇపనేమా అంటే ఇసుక దిబ్బలు, తేట నీళ్ల సరస్సు, వెనకాల అడవి కొండలు. తండ్రి జార్జి జొబీమ్ పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు పోయాడు. తల్లి నీల్జా బడి నడిపేది. ఇంటికి పియానో వచ్చాక దాన్ని వదలకుండా పట్టుకున్నది టామే. మారుతండ్రి సెల్సో మంచివాడు, పిల్లవాడి సంగీతాన్ని వెనక ఉండి నడిపించాడు. మొదటి గురువు కోయెల్‌రాయిటర్ జర్మనీ నుంచి వచ్చి బ్రెజిల్‌లో స్థిరపడినవాడు, యూరప్ ఆధునిక సంగీతాన్ని వెంట తెచ్చినవాడు. షోపాన్, దెబుస్సీ, రవేల్, తమ దేశపు విల్లా-లోబోస్ ఈ కుర్రాడి చేతుల్లోకి అప్పుడే ఎక్కేశారు. 'ఇన్‌సెన్సాతెజ్' పాట వినగానే షోపాన్ ఇ మైనర్ ప్రిల్యూడ్ గుర్తొస్తుందని సంగీతజ్ఞులు ఇప్పటికీ అంటుంటారు. నిజమే, దిగే కార్డుల మీద దాదాపు కదలని స్వరం అక్కడే ఉంది. గురువు ఇచ్చిన ఆస్తిని శిష్యుడు సాంబా నడకలోకి తెచ్చుకున్నాడు.

ఆర్కిటెక్చర్‌లో చేరి కొద్దికాలానికే మానేశాడు. 1949లో తెరెజాతో పెళ్లి, ఆ మరుసటి ఏడే కొడుకు పౌలో. నెల తిరిగేసరికి ఇంటి అద్దె కట్టాలి. కోపకబానా నైట్‌క్లబ్బుల్లో తెల్లవార్లూ పియానో వాయించాడు. 1952లో కాంటినెంటల్ రికార్డు కంపెనీలో పగటి పని దొరికింది. నొటేషన్ రాయడం రాని స్వరకర్తలు వచ్చి ఈలవేసో, అగ్గిపెట్టె మీద దరువేసో బాణీ వినిపిస్తే దాన్ని కాగితం మీద పెట్టే పని. రియో కొండవాడల సాంబా మొత్తం అలా ఆయన చెవిలోంచి, వేళ్లలోంచి పోయింది. విద్యాలయాలు నేర్పనిది ఆ ఉద్యోగమే నేర్పిందని నాకు గట్టిగా అనిపిస్తుంది. దెబుస్సీ చదివినవాళ్లు బ్రెజిల్‌లో ఇంకా ఉన్నారు. దెబుస్సీ చదివి, వీధి సాంబాను రోజూ అక్షరం పొల్లు పోకుండా రాసిపెట్టినవాళ్లు తక్కువ.

1956లో రియో నడిబొడ్డున విలారీనో అనే బారులో కవి, దౌత్యవేత్త వినీసియస్ ది మొరాయిస్‌తో పరిచయమైంది. గ్రీకుల ఆర్ఫియస్ కథను రియో కార్నివాల్‌లోకి తెచ్చి వినీసియస్ ఒక నాటకం రాసుకున్నాడు. సంగీతానికి మనిషి కావాలి. జొబీమ్ ముందు అడిగింది ఇందులో కాస్త డబ్బులేమైనా వస్తాయా అని. పరిచయం చేసిన పెద్దమనిషి, ఎదురుగా ఉన్నది ఎవరనుకుంటున్నావని మందలించాడట. అద్దె కట్టాల్సిన మనిషి మరేం అడుగుతాడు? నల్లజాతి నటీనటులతో ఆ నాటకం సెప్టెంబరులో నగరంలోని పెద్ద రంగస్థలం తెయాత్రో మునిసిపల్‌లో ఆడింది. రంగాలంకరణ చేసింది తర్వాత బ్రసీలియా భవనాలకు రూపమిచ్చిన ఆస్కార్ నీమయర్. ఆ కథనే మార్సెల్ కామూ 1959లో 'బ్లాక్ ఆర్ఫియస్' సినిమాగా తీస్తే కాన్‌లో పామ్ డోర్, తర్వాత ఆస్కార్ వచ్చాయి. జొబీమ్ బాణీలు బ్రెజిల్ ఎల్లలు దాటింది ఆ తెర మీదుగానే.

మూడో మనిషి గిటారిస్టు జువావ్ జిల్బెర్తో. బయీయా రాష్ట్రం నుంచి వచ్చాడు. సాంబా ఊరేగింపులో పెద్ద డప్పు వేసే దెబ్బను బొటనవేలితో, చిన్న డప్పు విరుపును మిగతా వేళ్లతో గిటారు మీద పలికించేవాడు. గొంతెత్తి పాడేవాడు కాదు, చెవి దగ్గర మాట్లాడినట్టు పాడేవాడు. 1958 జులైలో ఓడియన్ స్టూడియోలో 'షేగా ది సౌదాదీ' రికార్డింగుకు గొంతుకొక మైకు, గిటారుకొక మైకు కావాలని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో అది గొంతెమ్మ కోరిక. బాణీ జొబీమ్‌ది, మాటలు వినీసియస్‌వి, వాద్యబృందం కూర్పు మళ్లీ జొబీమ్‌దే. రెండు నిమిషాలకు మించని పాట. మొదటి సగం మైనర్‌లో బెంగ, రెండో సగం అదే షడ్జమం మీద మేజర్‌లో ఆశ. బోసా నోవా పుట్టుకగా బ్రెజిల్ లెక్కవేసుకునేది ఈ పాటనే. దాన్ని విని గిటారు పట్టుకున్నామని తర్వాతి తరం చాలామంది చెప్పుకున్నారు.

ఇపనేమా నుంచి న్యూయార్క్

ఇక అందరికీ తెలిసిన పాట. మాంటినీగ్రో వీధిలోని వెలోసో బారులో కూర్చున్న ఇద్దరు మిత్రులు, సముద్రం వైపు నడిచిపోయే ఎలోయీజా అనే అమ్మాయిని చూసి అక్కడికక్కడే బల్ల మీద పాట రాసేశారని కథ. అమ్మాయి నిజం, బారు నిజం, బల్ల మీద రాయడం మాత్రం అబద్ధం. జొబీమ్ తన ఇంట్లో పియానో దగ్గర బాణీ కట్టుకున్నాడు. వినీసియస్ పెట్రోపోలిస్ కొండల్లో కూర్చుని మాటలు రాశాడు, అదీ ఒక ప్రయత్నంలో కుదిరిందేం కాదు. 1962 ఆగస్టులో కోపకబానాలోని ఓ బాన్ గుర్మె క్లబ్బులో 'గరోతా ది ఇపనేమా'ను మొదటిసారి పాడారు. ఇప్పుడా బారుకు పాట పేరు, ఆ వీధికి కవి పేరు పెట్టుకున్నారు.

ఈ పాటను లాబీల్లో వెయ్యిసార్లు విన్నవాళ్లు కూడా మధ్య భాగాన్ని ఒక్కసారి ఆగి వినాలి. పల్లవి ఎఫ్ మేజర్‌లో హాయిగా సాగి ముగుస్తుంది. మధ్య భాగం ఉన్నట్టుండి అర్ధస్వరం పైకి జరిగిన నేల మీద మొదలవుతుంది. ఒకే పొడవాటి పలుకు మూడుసార్లు వస్తుంది, వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం ఎత్తునుంచి. ఆ అమ్మాయి తనవైపు చూడదన్న దిగులు మాటల్లో మొదలయ్యేదీ సరిగ్గా అక్కడే. దిగులు తీరకుండానే నేల మళ్లీ మొదటి చోటికి వచ్చేస్తుంది, అమ్మాయి నడుస్తూనే ఉంటుంది. ఆ మలుపు లేకపోతే ఇది ఒక అందమైన సముద్రతీరపు పాట, అంతే.

1962లో జాజ్ కళాకారులు స్టాన్ గెట్జ్, చార్లీ బర్డ్ కలిసి చేసిన 'జాజ్ సాంబా' రికార్డుతో అమెరికా చెవి ఇటు తిరిగింది. అదే ఏడు నవంబరు 21న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో బ్రెజిల్ కళాకారుల కచేరీ. విమానమంటే భయపడే జొబీమ్ అక్కడికి తొలిసారి విమానమెక్కే వెళ్లాడు. 1963 మార్చిలో రెండు రోజుల్లో 'గెట్జ్/జిల్బెర్తో' రికార్డు చేశారు. పియానో మీద జొబీమ్. జువావ్ భార్య ఆస్త్రుద్ జిల్బెర్తో ఇంగ్లీషు చరణాలు పాడింది. వృత్తి గాయని కాదు, రికార్డింగ్ అనుభవం లేదు, ఆ గొంతే లోకమంతా తిరిగింది. 1965 గ్రామీల్లో ఏటి మేటి ఆల్బమ్ బహుమతి ఆ రికార్డుకు, ఏటి మేటి రికార్డు బహుమతి ఆ పాటకు దక్కాయి. 1967 మొదట్లో ఫ్రాంక్ సినాట్రాతో లాస్ ఏంజెలెస్‌లో ఆల్బమ్. పది పాటల్లో ఏడు జొబీమ్‌వి. సినాట్రా పిలుపు ఫోన్‌లో అందినప్పుడు జొబీమ్ వెలోసో బారులోనే ఉన్నాడు. పియానిస్టు అయినా ఆ రికార్డులో ఆయన చేతికి గిటారే వచ్చింది. దక్షిణ అమెరికా మనిషి గిటారుతో కనిపిస్తేనే అక్కడివాళ్లకు నమ్మకం. అది ఆయన్ని నొప్పించింది. ఇంగ్లీషులోకి మార్చిన తన పాటల మాటలు కూడా ఆయనకు రుచించేవి కావు.

సొంత దేశంలో ఇంకో రకం నొప్పి. అమెరికాకు అమ్ముడుపోయాడని, సాంబాలో జాజ్ కలిపి పాడుచేశాడని విమర్శకుడు తిన్యోరావ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి రాశారు. 1964 నుంచి దేశం సైన్యం చేతిలో ఉంది. 1968 సెప్టెంబరులో రియో అంతర్జాతీయ పాటల పోటీ ఫైనల్. గీత రచయిత చికో బువార్కీతో కలిసి జొబీమ్ కట్టిన 'సబియా'కు మొదటి బహుమతి ప్రకటించగానే స్టేడియం హోరెత్తింది, చప్పట్లతో కాదు, ఈసడింపులతో. జనం కోరుకున్నది జెరాల్దో వాంద్రే పాడిన, సైన్యాన్ని ధిక్కరించిన పాట. కోపం న్యాయమైనదే. కానీ 'సబియా' ఒక పక్షి పేరు మీద అల్లిన, సొంత నేలకు తిరిగి వెళ్లాలనే మనిషి పాట. మూడు నెలలు తిరక్కుండా డిసెంబరులో సైన్యం హక్కుల్ని అణచివేసే ఐదో శాసనం తెచ్చింది. చికో ఇటలీలో తలదాచుకున్నాడు, ఎందరో దేశం విడిచారు. ఆ రాత్రి ఈసడించిన పాటలోని బతుకే చాలామందికి తమ బతుకైంది.

మార్చి వాన

ఆ తర్వాతి జొబీమ్ నాకు అన్నిటికంటే ఇష్టం. బోసా నోవా మోజు తగ్గింది, రేడియోలు వేరే పాటల వెంట పడ్డాయి. ఆయన రియోకు ఉత్తరాన కొండల్లో ఉన్న పోసు ఫుందు అనే కుటుంబ క్షేత్రానికి, అట్లాంటిక్ అడవికి, పక్షులకు దగ్గరయ్యాడు. పక్షుల పిలుపుల్ని ఈలతో పలికించేవాడు. అడవి నరికివేత గురించి గట్టిగా మాట్లాడేవాడు, అది వార్తాపత్రికల్లో శీర్షిక కాకముందే.

1972లో అక్కడ ఇల్లు కట్టుకుంటున్న రోజుల్లో 'అగ్వాస్ ది మార్సు' పుట్టింది, 'మార్చి నీళ్లు'. భూమధ్యరేఖకు దిగువన మార్చి అంటే వేసవి చివర, కుంభవృష్టి, కొండచరియలు, బురద. పాటలో కథ లేదు. వాననీరు కొట్టుకొచ్చినవీ, ఇల్లు కట్టేచోట పడి ఉండేవీ, మనిషి ఒంట్లో ఉండేవీ, అలా వస్తువుల పేర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతుంటాయి. బాణీ రెండు మూడు స్వరాల మధ్యే తచ్చాడుతుంది. కింద బేస్ మాత్రం ఆగకుండా దిగుతుంది, అడుగుకు చేరి మళ్లీ పైనుంచి మొదలుపెడుతుంది. వాన ఎక్కడుందని అడిగితే మాటల్లో కాదు, ఆ బేస్‌లో చూపిస్తాను. ఒంటి స్వరపు సాంబాలో చమత్కారంగా మెరిసిన పద్ధతే ఇక్కడ బతుకంత బరువు మోసింది. దీనికి ఇంగ్లీషు మాటలు ఇంకొకరికి వదల్లేదు, తనే రాశాడు. లాటిన్ మూలపు మాటలు పడకుండా ఏరుకున్నాడు, ఉత్తరార్ధగోళపు మార్చి వసంతానికి ముందు నెల కాబట్టి భావాన్ని ఆ వైపు తిప్పాడు.

ఈ పాటకు ఎన్ని రికార్డింగులున్నా 1974లో లాస్ ఏంజెలెస్‌లో గాయని ఎలిస్ రెజీనాతో పాడినదే తలమానికం. 'ఎలిస్ ఇ టామ్' ఆల్బమ్ మొదటి పాట అది. స్టూడియోలో మొదట్లో పొసగలేదు. ఎలక్ట్రిక్ పియానో, కొత్త వాద్యాలు జొబీమ్‌కు నచ్చలేదు, వాద్యకూర్పు చేసింది ఎలిస్ భర్త సేజార్ కమార్గో మరియానో. ఆ బిగువు రికార్డులో ఎక్కడా కనపడదు. మాటలు ఒకరి నోట్లోంచి ఒకరు అందుకుంటూ వేగం పెంచి, చివర్లో ఎలిస్ పాట మధ్యలోనే నవ్వేస్తుంది. ఆ నవ్వు తీసేయకుండా ఉంచినందుకు వాళ్లకు రుణపడి ఉన్నాం. ఎలిస్ ఆ తర్వాత ఎనిమిదేళ్లు కూడా బతకలేదు. 36 ఏళ్లకే 1982లో పోయింది.

జొబీమ్ 1994 డిసెంబరు 8న న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో గుండె ఆగి కన్నుమూశాడు. 67 ఏళ్లు. భౌతికకాయాన్ని రియోకు తెచ్చారు. ఆఖరి ఆల్బమ్ పేరు 'ఆంటోనియో బ్రసిలేయిరో'. అభిమానం కొద్దీ పెట్టుకున్న బిరుదు కాదు, తల్లి వైపునుంచి పుట్టుకతో వచ్చిన పేరే. విమానం కిటికీలోంచి రియోను చూస్తూ గలియావ్ విమానాశ్రయంలో దిగడం గురించి ఆయన కట్టిన పాట ఒకటుంది. ఆ విమానాశ్రయానికే 1999లో ఆయన పేరు పెట్టారు. 2016 రియో పారాలింపిక్స్ మస్కట్ పేరు టామ్, ఒలింపిక్స్ మస్కట్ పేరు వినీసియస్. ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో మనవడు డేనియల్ తాత పాటను పియానో వాయిస్తూ పాడాడు.

విగ్రహాలూ పేర్లూ సరే, వారసత్వంలో నేను ఎక్కువ విలువిచ్చేది కొడుకు పౌలో చేసిన పనికి. జాజ్ వాళ్లు చేతులు మార్చుకున్న నొటేషన్లలో జొబీమ్ కార్డులు అరిగి, సులువై, ఒక్కోచోట తప్పులై తిరిగాయి. బేస్ స్వరం ఒక్కటి మారితే పాటే మారిపోయే స్వరకర్తకు అంతకంటే నష్టం ఏముంటుంది? 'కాన్సియోనేయిరు జొబీమ్' పేరిట పౌలో ఆ పాటల్ని తండ్రి వాయించిన తీరులో పియానోకు రాయించి సంపుటాలుగా తెచ్చాడు. రియో బొటానికల్ గార్డెన్‌లో, జొబీమ్ ఇష్టంగా తిరిగిన చెట్ల మధ్యే, ఆయన పేరిట సంస్థ నెలకొంది. ఆయన చేతిరాత కాగితాలూ, ఫొటోలూ, రికార్డులూ అక్కడ భద్రంగా ఉన్నాయి. పౌలో 2022లో మరణించాడు.

వినడం మొదలుపెట్టాలనుకునేవారికి చాలామంది సినాట్రా రికార్డు చెబుతారు. నేను 1976 నాటి 'ఉరుబు' చెబుతాను. ఉరుబు అంటే బ్రెజిల్ ఆకాశంలో రెక్క కదపకుండా గాలిని నమ్ముకుని తిరిగే నల్ల రాబందు. మొదటి వైపు పాటలు, బెరింబావ్ తంత్రి మోతతో మొదలవుతాయి. రెండో వైపు మాటలే లేవు, క్లాస్ ఓగర్‌మన్ వాద్యబృందంతో నడిపిన నాలుగు రచనలు. లిఫ్టులో వేయడానికి పనికొచ్చేది అందులో ఒక్కటీ లేదు. రెండో వైపు ముందు వినండి.